మలూంగాలో లూసీ ఆంటీ రాయి

సెప్టెంబరు 28, ఆదివారం

బాగా జరిగింది. అందరూ అదే అన్నారు.

చర్చిలో పెద్ద తెర మీద మలూంగా ఊరు కనిపించింది. లాప్‌టాప్ నా చేతుల్లో ఉండడంతో ఎవరితోనూ మాట్లాడాల్సిన పని లేకపోయింది. ఇక్కడ అమెరికాలో ఉదయం ఆరాధన మధ్యలో ఉన్నాం. అక్కడ ఆఫ్రికాలో, మలావీలో పొద్దు వాలుతోంది. అక్కడి మా మనిషి తదాలా ఫోను పట్టుకుని నిలబడింది. పంపు కొత్తది, నీలం రంగు. దాని పక్కనే నడుమెత్తు రాయి, మీద తెల్ల శాటిన్ గుడ్డ.

దైవాశీర్వాదం అంకుల్ ఎలా చెప్పారో అలాగే అన్నీ. గుడ్డ, దానికి తాడు, పూలదండ, కొవ్వొత్తులు, ఒక పాట. ఆ బోరు వేయించింది ఆయనే, పోయిన ఏడాది చనిపోయిన భార్య లూసీ ఆంటీ పేరు మీద. ఇక్కడ పాస్టర్ గారు ప్రార్థన ముగించగానే అక్కడ ఊరిపెద్ద తాడు లాగింది. ఆంటీ ముఖం బయటపడింది. పట్టుచీర, కళ్ళజోడు, అదే నవ్వు. పైన సిలువ. కింద పుట్టిన తేదీ, పోయిన తేదీ. వాటి కింద తెలుగులో, ప్రభువునందు నిద్రించిన మా లూసీ.

ఇక్కడ చప్పట్లు. అక్కడ ఎవరూ కొట్టలేదు. మగవాళ్ళు టోపీలు తీశారు. ఆడవాళ్ళు నేల మీద కూర్చుని తలలు వంచుకున్నారు.

"ఎంత భక్తో చూడండి," అన్నారు పాస్టర్ గారు మైకులో.

అంకుల్ ఏడ్చారు. నేనూ ఏడ్చాను. పంపు కొట్టి నీళ్ళు చూపించే లోపల సిగ్నల్ పోయింది.

సెప్టెంబరు 30, మంగళవారం

రాగిణి గారికి ఫొటోలు కావాలి. ఆడవాళ్ళు బకెట్లతో, పిల్లలు దోసిళ్ళతో. "రెండు దినాలల్ల పంపమను తదాలాను. చర్చి వాళ్ళు వేడి మీదున్నప్పుడే చూపియ్యాలె."

దాతల డబ్బుతో ఊళ్ళకి బోర్లు వేయించే చిన్న సంస్థ మాది, డెంటిస్టు క్లినిక్ పైన రెండు గదుల ఆఫీసు. డైరెక్టర్ తను, మిగతా ఉద్యోగాలన్నీ ఫెబీ అని రాగిణి గారే అందరికీ చెబుతారు. ఫ్రిస్కోలో కూర్చుని నేను పంపే మెసేజీలు అందుకుని, ఊళ్ళలో తిరిగి, పనులయ్యేలా చూసేది తదాలా. బోరు ఎక్కడ వేయాలో ఊరితో మాట్లాడేదీ, పంపు కమిటీ పెట్టించేదీ, చెడిపోతే మెకానిక్‌ని పట్టుకొచ్చేదీ ఆమే.

అడిగాను. "సర్దుకుంటున్నారు సిస్టర్" అని జవాబు. పక్కన నవ్వు ముఖం.

అక్టోబరు 3, శుక్రవారం

ఫొటోలు రాలేదు.

అక్టోబరు 5, ఆదివారం

జోనాథన్ అన్నయ్య కార్లో చర్చికి. నాకు డ్రైవింగ్ రాదు కాబట్టి ప్రతి ఆదివారం వాళ్ళే తీసుకెళ్తారు. అన్నయ్య డ్రైవింగ్, పక్కన వాళ్ళ నాన్న దైవాశీర్వాదం అంకుల్, వెనక సీట్లో నేను, బేబీ సీటు. అంకుల్ ముప్పై ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో చేశారు. ఎదుటి మనిషి ఎప్పుడూ ట్రంకు కాల్ అవతల ఉన్నట్టే మాట్లాడతారు.

"ఏమ్మా ఫెబీ, నీళ్ళు తియ్యగా ఉన్నాయంటనా?"

"బాగున్నాయి అంకుల్. ల్యాబ్ రిపోర్టు వచ్చింది."

"రిపోర్టు సంగతి కాదమ్మా. తాగినోళ్ళు ఏమన్నారు?"

"బాగున్నాయన్నారు."

అబద్ధం కాదు. తదాలా తాగింది కదా, తాగే ఉంటుంది.

అక్టోబరు 7, మంగళవారం

తదాలా వాయిస్ మెసేజ్. ఆమెకి టైప్ చేయడం నచ్చదు. నడుస్తూ మాట్లాడుతుంది, వెనకాల కోళ్ళు వినపడుతుంటాయి. ఇవాళ కోళ్ళు లేవు. ఎక్కడో కూర్చుని మాట్లాడింది.

"సిస్టర్ ఫెబీ, సర్దుకుంటున్నారని చెప్పాను. సర్దుకోవడం లేదు. ఎవరూ నీళ్ళు పట్టడం లేదు. అది సమాధి అంటున్నారు."

మళ్ళీ విన్నాను.

వాళ్ళ సమాధి రాయి అలాగే ఉంటుందట. మనిషి పోయాక కొన్నాళ్ళకి డబ్బు కూడబెట్టి నల్ల రాయి చేయిస్తారు. ముఖం చెక్కిస్తారు. గుడ్డ కప్పి, ఊరిని పిలిచి, పాట పాడి, గుడ్డ లాగుతారు. మేం పంపిన కార్యక్రమంలో వాళ్ళకి కొత్త ఏమీ కనపడలేదు. పైగా ముఖాలు చెక్కేది శవపేటికలు చేసే షాపులోనే కాబట్టి రాయి ఆ షాపు ట్రక్కులోనే దిగింది. ఊరంతా చూసింది.

"నీకు ముందే తెలియదా?" అని టైప్ చేశాను. నాకు వాయిస్ మెసేజ్ పంపాలంటే గొంతు రాదు.

"దాతలు ఎప్పుడూ ఏదో ఒకటి పెడతారు సిస్టర్. ఒకాయన సిమెంటు సింహం పెట్టించాడు. జనం నవ్వుకుని నీళ్ళు పట్టుకున్నారు. ఇదీ అంతే అనుకున్నాను. నేను పట్నంలో పెరిగినదాన్ని. మా అమ్మే నన్ను టూరిస్టు అంటుంది."

నవ్వింది. తర్వాత నవ్వలేదు.

వాళ్ళ ఎదురుగా పంపు కొట్టి తనే తాగి చూపించిందట. చూసినవాళ్ళు జాలిపడ్డారట. సాయంత్రం ఒకావిడ మొక్కజొన్న పిండి తెచ్చి చేతిలో పెట్టి, "ఆవిడ నీకేమవుతుంది?" అని అడిగిందట. పరామర్శ.

ఎవరికీ కోపం లేదు. పొద్దున్నే ఎవరో ఒకరు వచ్చి రాయి చుట్టూ ఊడుస్తారు. ఒక నిమిషం నిలబడతారు. తర్వాత బకెట్ తీసుకుని వాగుకి వెళ్తారు. పడుకున్న మనిషి తలాపున నీళ్ళు తోడుకోకూడదట.

వాగు. ఆ వాగు వల్లే కదా మలూంగాని ఎంచుకున్నాం. పోయిన వానలకి అక్కడ కలరా వచ్చింది. పోయినవాళ్ళ వయసులు నేనే టైప్ చేశాను. చాలామంది వయసు ఒక్క అంకెలో ఉంది.

మళ్ళీ వానలు వచ్చే నెలే.

అక్టోబరు 8, బుధవారం

రాగిణి గారికి చెప్పలేదు. మధ్యాహ్నం దాకా ఆవిడ మీటింగులో ఉన్నారు. మధ్యాహ్నం తర్వాత ఆవిడ ఉన్నారు, నేనూ ఉన్నాను.

కొత్తదేదైనా అలవాటు కావడానికి టైం పడుతుంది. కాన్వెంట్‌లో చేరినప్పుడు హాస్టల్ నీళ్ళు చాలా రోజులు తాగలేకపోయాను. తర్వాత తాగాను. ఎవరూ ఏమీ చేయలేదు, దానంతటదే అయింది.

పుస్తకం పట్టుకుంటే అదే పేజీ. బయటికెళ్ళి అపార్ట్‌మెంట్ల చుట్టూ నడిచాను. లోపలికొచ్చాను. మళ్ళీ వెళ్ళాను.

అక్టోబరు 10, శుక్రవారం

తదాలా ఫొటో పంపింది. పంపు, రాయి, చుట్టూ చీపురు గీతలు. మనిషి లేడు.

"ఎంత నీట్‌గ పెట్టుకున్నరు చూసినవా ఫెబీ! మన పబ్లిక్ పంపుల కాడ బురద తప్ప ఏముంటది? దీన్ని మన సంస్థ పేజీల పెట్టు," అన్నారు రాగిణి గారు.

పెట్టాను. 'తమ పంపును ఎంతో గౌరవంగా చూసుకుంటున్న మలూంగా ప్రజలు' అని రాశాను. అందులో ఒక్క మాటా అబద్ధం కాదు.

అక్టోబరు 12, ఆదివారం

ఇవాళ చర్చి తర్వాత అన్నయ్య కారు సమాధుల తోట వైపు తిప్పాడు. "పది నిమిషాలు ఫెబీ, నాన్న చూస్తానంటున్నారు." నేను కార్లో ఉంటానన్నాను. అంకుల్ ఒప్పుకోలేదు. "రామ్మా. మీ ఆంటీకి నువ్వంటే ఇష్టం. ఈ పిల్ల మాట్లాడదు గాని అన్నీ వింటది అనేది."

ఇక్కడి సమాధుల తోట నేనెప్పుడూ చూడలేదు. తోటలా లేదు, ఆటస్థలంలా ఉంది. ఎటు చూసినా గడ్డి. ఆంటీ ఎక్కడుందో అంకుల్‌కే కాసేపు దొరకలేదు. అన్నయ్య ఫోన్‌లో మ్యాప్ తీసి ముందు నడిచాడు. గడ్డిలో, నేలకి సమంగా, పుస్తకమంత ఇత్తడి పలక. ఇంగ్లిష్‌లో పేరు, సంవత్సరాలు. అంతే.

"ఇక్కడ రాయి నిలబెట్టనివ్వరమ్మా," అన్నారు అంకుల్. "గడ్డి కోసే బండికి అడ్డమంట. బండి ఈవిడ మీంచే పోద్ది. ఒకసారి నేనుండగానే పోయింది."

"నాన్నా, రూల్స్ అవి. అందరికీ అంతే," అన్నాడు అన్నయ్య.

"నేనేమన్నాన్రా? అమ్మాయికి చూపిస్తన్నాను."

"బాడీ మన ఊరికి తీసుకెళ్దామంటే పేపర్‌వర్క్‌కి ఎన్నాళ్ళు పట్టేదో తెలుసా మీకు?"

"నేనేమన్నాన్రా?"

అన్నయ్య కారు దగ్గరికి వెళ్ళిపోయాడు. అంకుల్ బూటుతో ఆకులు పక్కకి తోసి, నాతో మెల్లగా అన్నారు. ఆయన మెల్లగా మాట్లాడగా వినడం నాకు అదే మొదటిసారి.

"పోన్లే. అక్కడ నిలబెట్టాంగా. నిలువుగా, ముఖం కనబడేట్టు. పదిమందీ వచ్చేపోయే చోట."

అవును అంకుల్ అన్నాను.

ఇంక ఎలా చెప్పను.

అక్టోబరు 15, బుధవారం

తదాలా తన చుట్టుబట్ట, పసుపూ నారింజ రంగుల పువ్వులది, రాయి మీద కప్పిందట. ముఖం కనపడకపోతే మర్చిపోతారని.

పరిస్థితి ఇంకా పాడైంది. మళ్ళీ కప్పారంటే మళ్ళీ ఎవరో పోయారు కాబోలనుకుని పక్క ఊరివాళ్ళు కూడా వచ్చి కూర్చున్నారు. "నా బట్ట కూడా పోయింది సిస్టర్. సమాధి మీద కప్పింది వెనక్కి తీసుకోకూడదట. మంచి బట్ట అది." నవ్వుతూనే చెప్పింది.

మబ్బులు పడుతున్నాయని కూడా చెప్పింది. అది నవ్వుతూ చెప్పలేదు.

అక్టోబరు 17, శుక్రవారం

రాగిణి గారికి తెలిసిపోయింది. తదాలా నెలవారీ రిపోర్టులో వాడకం దగ్గర 'లేదు' అని రాసి పంపింది.

"ఏంది ఇది? లేదంటే ఏంది?"

చెప్పాను. తల వంచుకుని, డెస్కు మీద స్టేప్లర్‌కి చెప్పినట్టు చెప్పాను.

"నీకు ఎప్పటినుంచి తెలుసు?"

"ఈ మధ్యే."

ఆవిడ రిపోర్టు పక్కన పెట్టేశారు. "తదాలా పట్నం మనిషి, నాకు ముందే డౌటు. ఆ ఊరి మనిషినే పెట్టుకోవాల్సింది. డిసెంబరుల ఆమె కాంట్రాక్టు చూద్దాం."

రాయి ఎలా ఉండాలో, గుడ్డ ఏ రంగులో ఉండాలో, కొవ్వొత్తులు ఎక్కడ పెట్టాలో మెయిల్‌లో పంపింది నేను. ఆ మాట నోటి దాకా వచ్చింది. నా హెచ్ వన్ బీ వీసా ఈ ఆఫీసు మీదే ఉంది. ఆ మాట నోటి దాకా వచ్చింది, అంతే.

"సరే, ఇట్ల చెయ్. రాయి మెల్లగ తీసి ఎక్కడన్న గోడౌన్ల పెట్టమను. ఆ పెద్దాయనకేం దెలుస్తది? ఆయన పోయి చూస్తడా?"

నిజమే. ఆయన వెళ్ళి చూడరు. ఇంత తేలికైన దారి నాకెందుకు తట్టలేదో. ఇవాళ అన్నం సహించింది.

అక్టోబరు 19, ఆదివారం

జ్వరంగా ఉందని అన్నయ్యకి మెసేజ్ పెట్టాను. చర్చికి వెళ్ళలేదు.

జ్వరం లేదు.

అక్టోబరు 20, సోమవారం

రాయి తీయడానికి మనుషులు దొరకలేదు. ఊళ్ళో ఎవరూ ముట్టరు. పెట్టిన షాపు వాళ్ళని అడిగితే, పెట్టడం మా పని, పీకడం దొంగల పని అన్నారట.

తదాలా ఊరిపెద్ద దగ్గరికి వెళ్ళింది. అందరూ గోగో అని పిలిచే ముసలావిడ. గోగో అంటే అమ్మమ్మ. తాడు లాగింది ఆవిడే. సమాధి కాదని తదాలా ఎంత చెప్పినా, "నేనే కదా గుడ్డ తీశాను" అందట. "ఆ ముఖాన్ని ఆవిడ వాళ్ళు నిలబెట్టారు. ఆవిడ వాళ్ళే లేపాలి. వాళ్ళని నాతో మాట్లాడమను."

"సిస్టర్, ఆవిడ వాళ్ళు నీకు తెలుసా?"

ప్రతి ఆదివారం వాళ్ళ కార్లోనే వెళ్తానని రాయలేదు. తెలుసు అని మాత్రం రాశాను.

అక్టోబరు 24, శుక్రవారం

మలూంగాలో మొదటి వాన. అనుకున్నదానికంటే ముందే. వాగు ఎర్రబడిందట. ఒక ఇంట్లో పాపకి విరేచనాలు. కలరా అవునో కాదో ఇంకా తెలియదు. క్లినిక్‌కి తీసుకెళ్ళారు.

మెసేజ్ అక్కడితో అయిపోయింది. సిస్టర్ అని పిలవలేదు.

అక్టోబరు 26, ఆదివారం

చెప్పాను.

అన్నయ్య కాస్ట్‌కోలో పాలు తెస్తానని దిగాడు. కార్లో అంకుల్, నేను. అంకుల్ తగ్గిందా జ్వరం అని అడిగారు. జ్వరం లేదంకుల్ అన్నాను. దాంతో మొదలుపెట్టాను కాబట్టి మిగతాది వచ్చేసింది. వెనక సీట్లోంచి ఆయన మెడ వెనక భాగంతో మాట్లాడాను. ముఖం చూస్తూ అయితే చెప్పలేకపోయేదాన్ని.

ఆయన తిరగలేదు.

"ఒక్కళ్ళూ తాగలేదా?"

"లేదంకుల్."

"మొన్న నువ్వు బాగున్నాయన్నారన్నావు."

"అన్నాను."

"ఆ ఊడ్చిన ఫొటో?"

"సమాధి అనుకుని ఊడ్చారు అంకుల్."

చెయ్యి డాష్‌బోర్డు మీద గట్టిగా కొట్టారు. "సమాధేంటి? నీళ్ళ పంపు పక్కన సమాధెవడన్నా కడతాడా? మంచినీళ్ళు ఇస్తే తాగడానికి ఏం రోగం వాళ్ళకి? ఆవిడ ముఖం చూసి తాగరా? ఆవిడ చేత్తో నీళ్ళు తాగనోడున్నాడా మా వీధిలో?"

ఆయన ఆగాక చెప్పాను.

"వాన పడిందంకుల్. ఒక పాపకి బాలేదు. మీరు వాళ్ళతో మాట్లాడితే తప్ప రాయి ఎవరూ ముట్టుకోరు."

అన్నయ్య ట్రాలీతో వస్తున్నాడు. అంకుల్ సీటు బెల్టు పెట్టుకున్నారు. నేను దిగేటప్పుడు ప్రతిసారీ అనే 'దేవుడు దీవించును గాక' అనలేదు.

అక్టోబరు 28, మంగళవారం

జోనాథన్ అన్నయ్య ఫోను. "నాన్న అన్నం తినట్లేదు. ఏం చెప్పావ్ ఆయనకి? ఏదైనా ఉంటే నాకు చెప్పాలి కదా ఫెబీ!"

రాగిణి గారు: "డోనర్‌తోటి నువ్వెందుకు మాట్లాడినవ్? నోట్లెకెల్లి మాట రాని పిల్లవి, ఇప్పుడే రావాల్నా?"

రాయి గురించి మెయిల్ పంపింది నేనేనని, తదాలా కాదని అప్పుడే చెప్పేశాను. కళ్ళజోడు తీసి నన్ను చూశారు. ఏదైనా అంటే బాగుండేది.

అక్టోబరు 29, బుధవారం

ఆ పాపది అది కాదట. మామూలువేనట. ఇంటికొచ్చేసింది.

ఇంట్లో తాగడానికి నీళ్ళు మాత్రం మళ్ళీ వాగువే.

నవంబరు 1, శనివారం

పొద్దున్నే అంకుల్ ఫోను. చెవికి దూరంగా పట్టుకోవాల్సి వచ్చింది.

"ఇదిగో అమ్మాయ్, వినపడుతుందా? వాళ్ళు పొరబడలేదమ్మా."

"అంకుల్?"

"ఆ రాయి నేను రాయించింది సమాధి రాయిలాగే. ఇక్కడ పెట్టనివ్వలేదు గదా, ఎలా పెడదామనుకున్నానో అచ్చం అలాగే రాయించాను. కొలతలతో సహా. ఎవరికీ చెప్పలేదు. జోనాథన్‌కి చెప్పలేదు. నీళ్ళ పుణ్యం పేరు చెప్పి సమాధి కట్టుకున్నాను. మనోళ్ళు చప్పట్లు కొట్టారు. భాష రానోళ్ళు మాత్రం కనిపెట్టేశారు."

మళ్ళీ ఆయనే అందుకున్నారు.

"నాకు అంతదూరం వెళ్ళే ఓపిక లేదు. వీడియోలో మాట్లాడతాను. కానీ ఇంట్లోంచి కాదు. మీ ఆంటీ దగ్గర నిలబడి మాట్లాడతాను. ఆవిడ ఎక్కడుందో వాళ్ళకి చూపించాలి గదా. నువ్వు రావాలి. నా ఇంగ్లిషు ఎక్స్ఛేంజి ఇంగ్లిషు, నంబర్లు తప్ప పలకదు."

నవంబరు 8, శనివారం

అంకుల్ కోటు, టై. చలిగాలి. అన్నయ్య కారుకి ఆనుకుని దూరంగా నిలబడ్డాడు. నేను ఫోను పట్టుకున్నాను.

మలూంగాలో సాయంత్రం. తదాలా ఫోను అటూ ఇటూ తిప్పి చూపించింది. చాలామందే ఉన్నారు. ముందు కుర్చీలో గోగో. ఆంటీ రాయి, మీద తదాలా పువ్వుల బట్ట. అంకుల్ తెలుగులో చెబితే నేను ఇంగ్లిష్‌లో, తదాలా వాళ్ళ భాషలో. అంతమంది నా మాట కోసం ఆగుతున్నారు.

"నా పేరు దైవాశీర్వాదం. ఆ రాయి మీద ఉన్నది నా భార్య. ఆవిడ అక్కడ లేదు. ఇక్కడుంది."

ఫోను కిందికి తిప్పాను. అక్కడ గుసగుసలు. గోగో ఏదో అడిగింది.

"ఎక్కడ అంటోంది," అంది తదాలా. "గడ్డే కనపడుతోంది సిస్టర్."

అంకుల్ మోకాళ్ళ మీద కూర్చున్నారు. రుమాలు తీసి పలక తుడిచారు. "ఇదిగో. ఇక్కడ."

"రాయి ఏది?"

"నిలబెట్టనివ్వరు. గడ్డి కోసే బండికి అడ్డమని."

నేను చెప్పాను. తదాలా నన్ను మళ్ళీ అడిగి, అప్పుడు చెప్పింది. వెనకనుంచి ఒకావిడ గట్టిగా ఏదో అంది.

"బండి ఆవిడ మీంచి వెళ్తుందా అని అడుగుతోంది."

"వెళ్తుంది," అన్నారు అంకుల్.

అక్కడ ఆడవాళ్ళు నాలుకతో చప్పుడు చేశారు. మన దగ్గర చేసినట్టే.

"అందుకే అక్కడ నిలబెట్టుకున్నాను. మీరు సమాధి అన్నారు. సరిగ్గానే అన్నారు. మీ నీళ్ళకి అడ్డంగా నా దుఃఖం తెచ్చి పెట్టాను. తీసేయండి. పగలగొట్టినా ఏమీ అనుకోను."

ఆ చివరి మాట నేను చెప్పలేకపోయాను.

"చెప్పమ్మా," అన్నారు.

చెప్పాను.

గోగో పక్కవాళ్ళతో మాట్లాడింది. చాలాసేపు. గాలికి అంకుల్ టై భుజం మీదికి ఎగిరిపోతోంది, ఆయన పట్టించుకోలేదు. తర్వాత తదాలా ఒక్కో మాటా ఆగి ఆగి చెప్పింది.

"ముఖం ఉన్న రాయిని మేం పగలగొట్టం. మాకు సమాధుల తోట ఉంది. చెట్లు పెద్దవి, ఎవరూ కొట్టరు. అక్కడ నిలబెడతాం. మనిషి మీ దగ్గర ఉంటుంది, రాయి మా దగ్గర ఉంటుంది. మావాళ్ళకి ఊడ్చినప్పుడు ఆవిడకీ ఊడుస్తాం. సరేనా?"

అంకుల్ తల ఊపారు. ఫోన్లో తల ఊపడం సరిగా కనపడదేమోనని నేను గట్టిగా 'యెస్' అన్నాను. ఎవరూ చెప్పమనకుండానే.

"కానీ ఆవిడ వాళ్ళే లేపాలంటోంది గోగో. ఆ కారు దగ్గర నిలబడ్డది ఎవరు అని అడుగుతోంది."

"కొడుకు."

అది విని గోగో అన్న మాటకి అక్కడ అందరూ నవ్వారు. తదాలా చెప్పనా వద్దా అన్నట్టు చూసింది. "కొడుకు అంత దూరంలో నిలబడితే తల్లి ఎలా లేస్తుంది అంటోంది."

అన్నయ్య వచ్చాడు. ఎందుకు పిలిచామో నేనే చెప్పాను. తదాలా రాయి మీద బట్ట తీసి, ఫోను ఆంటీ ముఖానికి ఎదురుగా పెట్టింది. తెర నిండా ఆంటీ, కళ్ళజోడు, నవ్వు.

అన్నయ్య అంకుల్ కోటు భుజం పట్టుకున్నాడు. తర్వాత, చిన్నపిల్లాడి గొంతుతో అన్నాడు.

"అమ్మా. లేమ్మా. వెళ్దాం."

దాన్ని ఇంగ్లిష్‌లో చెప్పమని తదాలా అడగలేదు.

మగవాళ్ళు గడ్డపారలతో రాయి చుట్టూ వదులు చేసి ఎత్తారు. ఆడవాళ్ళు పాట ఎత్తుకున్నారు. తదాలా వాళ్ళ వెంట నడిచింది. నేల, కాళ్ళు, ఎర్రమట్టి, మళ్ళీ ఆకాశం. చెట్లు వచ్చాయి. నిజంగానే పెద్ద చెట్లు.

"అమ్మాయ్, పక్కనెవరున్నారో అడుగు."

అడిగాను.

"ఒక పక్క గోగో వాళ్ళ చెల్లెలు. ఇంకో పక్క బాగా పాటలు పాడే ఆయన," అంది తదాలా. గొంతు తగ్గించి, "బాగా తాగేవాడు కూడా సిస్టర్. అది చెప్పకు."

చెప్పాను.

అంకుల్ మోకాళ్ళ మీద కూర్చునే ఉన్నారు. నవ్వారో ఏడ్చారో తెలియదు, భుజాలు మాత్రం కదిలాయి. "పాటలైతే పరవాలేదు. తాగినోడికి మాత్రం ఆవిడతో చీవాట్లు తప్పవు."

నవంబరు 10, సోమవారం

జరిగింది జరిగినట్టే రిపోర్టు రాశాను. రాగిణి గారు చదివి, "గిది చర్చోళ్ళకు పంపుతమా?" అన్నారు.

"పంపుదామండి."

"రాయి సంగతి నీ పేరు మీద రాసుకున్నవేంది?"

"నేనే కదండీ పంపింది."

పంపారు. తదాలా కాంట్రాక్టు మాట ఎత్తలేదు. నా మాటా ఎత్తలేదు. ఎప్పుడు ఎత్తుతారో తెలియదు.

నవంబరు 12, బుధవారం

తదాలా నుంచి ఏమీ లేదు. అక్కడ రోజూ వాన. రాయి పోయింది సరే, పంపు దగ్గరికి వస్తున్నారా లేదా? నిన్న రెండుసార్లు అడిగాను. ఇవాళ అడగలేదు. ఇవాళా అడిగాను.

నవంబరు 16, ఆదివారం

కార్లో ఉండగా తదాలా మెసేజ్. వింటే మాట వినపడలేదు, ఒకటే అరుపులు. ఆడవాళ్ళ గొంతులు, ఏదో కిందపడ్డ చప్పుడు, పిల్లల ఏడుపు. వాల్యూమ్ పెంచాను.

"ఏంటమ్మా అది?" అంకుల్ వెనక్కి తిరిగారు.

చివర్లో తదాలా మాట వచ్చింది, పరిగెత్తినట్టు రొప్పుతూ. "సిస్టర్, సారీ, సిగ్నల్ లేదు ఇన్నాళ్ళూ. పంపు దగ్గర కొట్లాట. ఎర్ర బకెట్ ఆవిడ తెల్లారకముందే బకెట్ పెట్టి ఇంటికెళ్ళింది. పసుపు బకెట్ ఆవిడ దాన్ని పక్కకి జరిపి తను పట్టుకుంది. మనిషి లేకుండా బకెట్ వరుసలో నిలబడుతుందా అని ఒకటే గొడవ. కమిటీ వాళ్ళే రెండుగా చీలిపోయారు. నేనేం చెయ్యను?"

అంకుల్ మళ్ళీ పెట్టమన్నారు. పెట్టాను. మూడోసారి ఆయనే నా చేతిలోంచి ఫోను తీసుకుని చెవి దగ్గర పెట్టుకున్నారు.

"ఎర్ర బకెట్టుదే న్యాయం," అన్నారు. "బకెట్ పెట్టిందంటే మనిషి నిలబడ్డట్టే. మా వీధిలో ఎప్పుడూ అంతే."

"అదెలా నాన్నా?" అన్నాడు అన్నయ్య, సిగ్నల్ దగ్గర బ్రేకేసి. "అలాగైతే రాత్రే పది బకెట్లు పెట్టి పడుకుంటారు. మనిషుండాలి."

"నీకేం తెల్సురా, నువ్వెప్పుడన్నా నీళ్ళు పట్టావా? మీ అమ్మ పట్టేది."

"అమ్మ రాయి పెట్టేది. బకెట్ కూడా కాదు, రాయి. అందుకే రోజూ గొడవ."

"రాయి పెడితే మాత్రం? గెలిచేది ఎవరు?"

గ్రీన్ పడింది. వెనక కారు హారన్ కొట్టింది. ఇద్దరూ వాదించుకుంటూనే ఉన్నారు. తదాలాకి జవాబివ్వాలి కదా, నువ్వేమంటావమ్మా అని అంకుల్ నన్నడిగారు.

మైకు బటన్ నొక్కి, గట్టిగా చెప్పాను. పసిబిడ్డ చంకలో ఉన్నావిడ ఎవరైతే ఆవిడ ముందు, తర్వాత ఎర్రది, తర్వాత పసుపుది.

ఇద్దరూ ఒప్పుకోలేదు.